అర సవర తేడా

కవరు ఉంది. దాని మీద అంటించిన బార్‌కోడ్ చెక్కు చెదరలేదు. కవరులో గొలుసు కూడా ఉంది. లేనిదల్లా బంగారమే.

ప్యూరిటీ మిషన్‌లో ఆ గొలుసు పెట్టగానే స్క్రీన్ మీద ఎర్ర గీత వచ్చింది. పైపూత ఒక్కటే బంగారం. లోపలంతా రాగీ ఇత్తడీ. తూకం మాత్రం రసీదులో రాసినట్టే ఉంది. ముప్పై రెండు గ్రాములు, అంటే నాలుగు సవర్లు.

గురజాల ఎస్సై షాహిస్తా పరపతి సంఘం ఆఫీసు మెట్లు ఎక్కేసరికి పదకొండు నలభై అయింది. బయట రేకుల పందిరి కింద ఆడవాళ్ల క్యూ. చేతుల్లో రసీదులు, నెత్తిన కొంగులు. మిర్చి కోతలు వదులుకుని వచ్చినవాళ్లు. ఎండకు మాడిపోతూ కూడా ఒక్కరూ కదలడం లేదు. లోపల జరిగేది చూడకుండా ఎట్లా పోతారు?

"దేవుడి పేరు చెప్పుకుంటా గిల్టు పెట్టింది చూశావా?" అని క్యూలో ఎవరో అన్నారు.

ఆ మాట ఎవరి మీదో ఆమె కిటికీ కింద, నేల మీద కూర్చుని ఉంది. పేరు మరియమ్మ. తెల్లచీర. చెవులకు కమ్మలు లేవు, మెడలో తాడు లేదు, చేతులకు మట్టి గాజులైనా లేవు. పక్కన ఆమె భర్త యేసుపాదం, ఆటో నడుపుతాడు, ఖాకీ చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో పరుగున పోయి చెబితే బేరం మధ్యలో వదిలేసి వచ్చాడట.

షాహిస్తాకు కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. ఆమెకు కూర్చోవడం చేతకాదు. స్టేషన్లో కుర్చీ ఆమె పేరు మీద ఉంటుంది గానీ దాంట్లో కూర్చునేవి ఫైళ్లు.

"ఎప్పుడు బయటపడింది?"

"పదకొండుకి మేడం," అన్నాడు సెక్రటరీ వీరాంజనేయులు. యాభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట విబూది, మాటలో మర్యాద.

"కవరు ఎవరు విప్పారు?"

"ఆడిటర్ గారే. మరియమ్మ కళ్లెదురుగానే."

"అంతకుముందు విప్పినవి?"

"సగం పైనే అయిపోయినయ్. అన్నీ మేలిమి. మా ఇంటావిడ బంగారం కూడా ఈడే ఉంది మేడం. ఆమెకి వీలుగాక ఆమె బదులు నేనే నిలబడి, అందరికన్నా ముందు విప్పించా. సెక్రటరీ ఇంటిదైతే మాత్రం, రూలు రూలేగా!"

బాగానే చెప్పాడు. షాహిస్తా కిటికీ దాకా నడిచి, వెనక్కి వచ్చింది.

ఇన్నాళ్లూ ఈ సంఘంలో బంగారం అప్పులన్నీ గుడ్డ సంచి, లక్క ముద్ర, నమ్మకం మీద నడిచాయి. వస్తువు పేరు రాసేవాళ్లు కాదు. మొత్తం తూకం ఒక్కటే రాసేవాళ్లు. ఇప్పుడు పైనుంచి సంస్కరణలు దిగాయి. చిన్న సంఘాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలి, పెద్ద బ్యాంకుతో కలవాలి. కలిసేముందు ప్రతి తాకట్టునూ అప్పు తీసుకున్నవాళ్ల ముందే విప్పాలి, మిషన్‌లో పెట్టాలి, తూచాలి, ఫోటో తీయాలి. పాత తూకాలన్నీ ముందే కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కాక వాటిని మార్చడం దేవుడి తరం కూడా కాదు.

ఆ పని మీద పెద్ద బ్యాంకు నుంచి వచ్చిన ఆడిటర్ ఆనంద్ బాబు. కుర్రవాడు. మెడలో టై, చంకల్లో చెమట, కళ్లన్నీ గడియారం మీద.

"మేడం, ఐదింటికి అప్‌లోడ్ మూసేయాలి. తర్వాత కవర్లన్నీ వ్యాన్‌లో నరసరావుపేట లాకర్‌కి వెళ్లిపోతాయి. ఈ ఒక్కదానికీ 'బారోయర్ ఫ్రాడ్', అంటే అప్పు తీసుకున్నామె మోసం, అని రాసేస్తాను."

"రాస్తే?"

"ఆమె మీద చీటింగ్ కేసు. పేరు సిస్టంలోకి ఎక్కుతుంది. ఇక ఏ బ్యాంకులోనూ అప్పు పుట్టదు. ఆమె ఉన్న డ్వాక్రా గ్రూపు మొత్తానికి కూడా ఆగిపోతుంది."

మరియమ్మ తలెత్తింది. "గ్రూపులో వాళ్లేం చేశారయ్యా?" అంది.

"సిస్టం అంతేనమ్మా," అన్నాడు ఆనంద్ బాబు. పాపం, అతనికి తెలిసిన జవాబు అదొక్కటే.

షాహిస్తా ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నువ్వు ఏమేం పెట్టావమ్మా?"

"గొలుసు మేడం."

"గొలుసు ఒక్కటేనా?"

మరియమ్మ చూపు భర్త మీదికి పోయి వచ్చింది. "ఒక్కటే."

"ఎంత ఉంటది?"

"మూడున్నర సవర్లు. మా అత్త చేయించింది. ఈ గొలుసు మాది కాదు మేడం."

సెక్రటరీ అందుకున్నాడు. "విన్నారా మేడం! రసీదులో నాలుగు సవర్లు ఉంది. సంతకం ఆమెదే. మూడున్నర సవర్ల గొలుసు పెడితే నాలుగు సవర్ల రసీదు ఎట్టా వస్తది? ఏం పెట్టిందో ఆమెకే తెలియకపోయె!"

బయట క్యూలోంచి నవ్వులు వినిపించాయి. యేసుపాదం పిడికిళ్లు బిగించాడు. ఏమంటాడు? అర సవర తేడా అతని లెక్కకూ అందలేదు.

షాహిస్తాకు చిరాకు పుట్టింది. నిజం చెప్పేవాళ్లు ఇట్లా తడబడరు. కానీ అబద్ధం చెప్పేవాళ్లు రసీదు చేతిలో పెట్టుకుని తూకం తప్పు చెప్పరు. మరి ఈమె ఏ రకం?

కానిస్టేబుల్ కృపాదానం ఆమెను పక్కకు పిలిచాడు.

"మేడం, ఈమె కొత్తగా కట్టిన మందిరంలో బాప్తిస్మం తీసుకుంది. ఆ మందిరంలో చేరినోళ్లు బంగారం ఒంటి మీద పెట్టరు. మేమూ క్రైస్తవులమే గానీ మాకు ఆ పట్టింపు లేదు. మా ఆవిడకి చెప్తే నన్నే తీసేస్తది."

షాహిస్తా నవ్వాపుకుంది. "అన్నీ తీసేస్తారా?"

"అన్నీ. పుస్తెలు కూడా."

ఆమె యేసుపాదం వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ భార్య పుస్తెలు ఎక్కడున్నాయి?"

యేసుపాదం మొహం మొదటిసారి వెలిగింది. "ఇంట్లో ఉన్నయ్ మేడం. పెట్టెలో. ఆమె మందిరంలో చేరతానన్నప్పుడే చెప్పా. నీ దేవుడు, నీ ఇష్టం. కమ్మలు తీసెయ్, గొలుసు తీసెయ్, నా పుస్తెలు మాత్రం మెడలో లేకపోయినా ఇల్లు దాటకూడదు అని. అట్టనే ఒట్టేసింది."

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పద. చూద్దాం," అంది షాహిస్తా.

జీపు ఊరు దాటింది. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. ఘాటు గొంతులో దిగి కృపాదానం తుమ్మడం మొదలుపెట్టి కాలనీ వచ్చేదాకా ఆపలేదు.

రెండు గదుల ఇల్లు. అటక మీద ఆకుపచ్చ రేకు పెట్టె. యేసుపాదం దాన్ని కిందికి దించాడు. తాళం వేసి ఉంది.

"చెవి తేవే."

"పోయింది," అంది మరియమ్మ.

"ఎప్పుడు పోయింది?"

"ఎప్పుడో పోయింది."

"పోతే పోయిందిలే. పగలగొడతా." అతను బయటికెళ్లి ఆటోలోంచి స్పానర్ తెచ్చాడు. వచ్చి చూసేసరికి మరియమ్మ పెట్టె మీద కూర్చుని ఉంది. రెండు చేతులతో దాని అంచులు పట్టుకుంది.

"లెగవే."

"పగలగొట్టొద్దయ్యా."

"లెగమంటుంటే!"

"అమ్మా," అంది షాహిస్తా, "పెట్టెలో ఏముంది?"

"అడగొద్దు మేడం. కేసే పెట్టుకోండి. జైలుకైనా వస్తా. ఈ మాట ఒక్కటీ అడగొద్దు."

యేసుపాదం స్పానర్ కింద పడేశాడు. భార్యను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "నిజంగానే గిల్టు పెట్టావా ఏందే?" అన్నాడు.

ఆమె పెట్టె అంచులు వదల్లేదు. అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

తాళం పగలగొట్టడం పోలీసుకు ఎంతసేపు? ఒక్క దెబ్బ. షాహిస్తా చెయ్యి కూడా దానికోసం దురద పెట్టింది. కానీ ఆ ఇద్దరి మధ్యా ఆ పెట్టెను చూశాక ఎందుకో చెయ్యి రాలేదు. ఊరంతా దొంగ అంటున్నా కదలని మనిషి, పెట్టె అనగానే వణికింది. ఇది డబ్బు భయం కాదు. మొగుడి భయం కూడా కాదు, అతను చెయ్యెత్తే రకం కాడు. మరి దేని భయం?

"ఇద్దరూ ఎక్కండి. ఆఫీసుకి పోదాం," అంది.

రెండింబావు. ఆఫీసులో కరెంటు పోయింది. మిషన్ ఇన్వర్టర్ మీద నడుస్తోంది, ఫ్యాన్లు నడవడం లేదు. షాహిస్తా బంగారం నాణ్యం చూసే అప్రైజర్‌ను వెనక గదిలోకి పిలిచింది. పేరు నాగబ్రహ్మం. డెబ్బై ఏళ్లు. కంసాలి పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ రెండు కళ్లలోనూ శుక్లాలు.

"మరియమ్మ బంగారం నువ్వే చూశావా?"

"నేనే చూశా తల్లీ. మొన్న వానాకాలం. గీటురాయి మీద గీశా. మేలిమి. నా చెయ్యి అబద్ధం చెప్పదు."

"వస్తువులేంటి?"

"అది గుర్తుంటే ఇంకేం! ఎందరివో చూస్తా. గీసినట్టు గుర్తు, అంతే."

"మరి ఇవాళ గిల్టు ఎట్లా అయింది?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "అదే నాకూ అంతుచిక్కటం లేదు."

"గుడ్డ సంచుల్లోంచి ఈ కవర్లలోకి ఎప్పుడు మార్చారు?"

"పోయిన వారం. నేను లక్క పగలగొట్టి సంచి ఇవ్వటం, సెక్రటరీ గారు కవర్లో వేసి అంటించటం. నాకు ఆ గీతల బొమ్మలు కనపడవుగా. పెద్దమనిషి, అంతా ఆయనే చేశాడు."

"ఈ సంఘంలో నువ్వు గీటురాయి మీద గీయకుండా సంతకం పెట్టిన బంగారం ఏదైనా ఉందా?"

నాగబ్రహ్మం నొచ్చుకున్నాడు. "అట్టాంటి పని చేస్తానా తల్లీ? అందరిదీ గీస్తా."

"అందరిదీనా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "సెక్రటరీ గారి ఇంటిది గీయలేదు. ఎట్టా గీస్తాం? రోజూ మొహాలు చూసుకునేవాళ్లం. ఆయనే తెచ్చి చేతిలో పెడితే, రాయి తియ్యటానికి మొహమాటం వెయ్యదా?"

షాహిస్తా గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచింది. మళ్లీ నడిచింది. మొహమాటం! కోట్లు పోసి మిషన్లు తెచ్చారు, సర్వర్లు పెట్టారు. మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఈ మొహమాటం ఏ సర్వర్‌లోకి ఎక్కుతుంది?

కానీ మొహమాటం నేరానికి రుజువు కాదు. పైగా సెక్రటరీ భార్య బంగారం పొద్దునే మిషన్‌లో పాసయింది. మేలిమి.

ఆమె బయట హాల్లోకి వచ్చింది. తనిఖీ మళ్లీ మొదలైంది. ఒక్కొక్క ఆడమనిషి వస్తోంది, వేలిముద్ర వేస్తోంది, కవరు విప్పుతున్నారు. గొలుసులు. గాజులు. జూకాలు. మళ్లీ గొలుసులు.

షాహిస్తా చూపు గొలుసుల మీద లేదు. వచ్చినవాళ్ల మెడల మీద ఉంది.

పసుపుతాడు. ఇంకో పసుపుతాడు. ఇంకోటి. కవర్లో గొలుసు పెట్టినవాళ్లందరి మెడల్లోనూ పసుపుతాడు, దానికి పుస్తెలు.

ఆమె పుట్టి పెరిగింది నరసరావుపేటలో. పక్కింటి పిన్నులూ అత్తలూ ఎవరు ఎప్పుడు గొలుసు బ్యాంకుకు పంపించారో వాళ్ల మెడలో పసుపుతాడు చూసి వీధి మొత్తం కనిపెట్టేది. ఇన్నేళ్లూ చూసిందే. ఇవాళ కొత్తగా కనపడింది.

"పిన్నీ," అంది క్యూలో ముందున్న ఆమెతో, "గొలుసుతో పాటు పుస్తెలు కూడా పెడితే అప్పు ఎక్కువ వచ్చేదిగా?"

ఆమె షాహిస్తాను ఎగాదిగా చూసింది. "మొగుడు కళ్లెదురుగా తిరుగుతుంటే పుస్తెలు తాకట్టు పెట్టే ఆడది ఉంటదా మేడం? గొలుసుదేముంది, ఇయ్యాల పోద్ది, రేపొస్తది!"

అప్పుడే సెక్రటరీ భార్య హైమావతి క్యారియర్‌తో లోపలికి వచ్చింది. మధ్యాహ్నమే రావలసిన అన్నం ఈ గొడవలో ఇప్పటికి వచ్చింది. భర్త బల్ల మీద క్యారియర్ పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంది. ఆమె మెడలో పసుపుతాడు ఉంది. పుస్తెలు ఉన్నాయి.

షాహిస్తా ఆనంద్ బాబు వెనక్కి పోయి నిలబడింది.

"పొద్దున తీసిన ఫోటోలు చూపించండి."

"అన్నీ ఓకే అయినవే మేడం."

"ఓకే అయినవే కావాలి. మొట్టమొదటిది."

స్క్రీన్ మీద ఫోటో వచ్చింది. ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నిటారుగా లేచి, మొట్టమొదటిసారి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

అది చూసి కృపాదానం బెల్టు సర్దుకున్నాడు. మేడం కూర్చుందంటే కేసు తేలిందని అతనికి తెలుసు.

నాలుగు ఇరవై. హాలు తలుపు వేశారు. బల్ల చుట్టూ సెక్రటరీ, హైమావతి, నాగబ్రహ్మం, ఆనంద్ బాబు. గోడ పక్కన మరియమ్మ. ఆమెకు నాలుగడుగుల దూరంలో, ఆమె మొహం చూడకుండా యేసుపాదం.

"మేడం, నలభై నిమిషాలే ఉంది," అన్నాడు ఆనంద్ బాబు.

"సరిపోద్ది. సెక్రటరీ గారూ, మీ ఇంటి బంగారం ఎంత?"

"నాలుగు సవర్లు మేడం."

"మరియమ్మది?"

"అదీ నాలుగే."

"సంఘంలో సరిగ్గా నాలుగు సవర్లు తూగేవి ఎన్నున్నాయి?"

ఆనంద్ బాబు కీబోర్డు టకటకలాడించాడు. "ఈ రెండే."

సెక్రటరీ నవ్వాడు. "అయితే ఏందంట?"

"ఏం లేదు. తూకాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. ఇక మార్చడానికి లేదు. మీ కవర్లో గిల్టు ఉందనుకోండి. మిషన్ వస్తోందని వారం ముందే తెలిసింది. ఏం చేస్తారు? కొనడానికి చేతిలో డబ్బు లేదు. మీ గిల్టు ఎంత తూగుతుందో సరిగ్గా అంతే తూగే అసలు బంగారం ఇంకో సంచిలో ఉంది. ఆ సంచి మనిషి బంగారం ముట్టదు, ఎవరితోనూ గొడవ పడదు. సంచులు కవర్లయ్యే రోజున అటుది ఇటు, ఇటుది అటు. అంతే కదా?"

"ఏం మాట్లాడుతున్నారు మేడం!" వీరాంజనేయులు లేచాడు. "ఇరవై ఏళ్ల సర్వీసు నాది! రుజువుందా?"

"కూర్చోండి. ఆనంద్ బాబు గారూ, వీళ్ల ఇంటి కవరు మళ్లీ విప్పండి."

కవరు విప్పారు. బల్ల మీద గుడ్డ పరిచి అందులో ఉన్నది పోశారు. గొలుసు. గొలుసుకు గుచ్చి ఉన్న రెండు గుండ్రటి పుస్తెలు.

ముందుగా కదిలింది హైమావతి. ఒళ్లు కాలినట్టు వెనక్కి జరిగింది.

"ఇవి మీ పుస్తెలేనా అమ్మా?" అంది షాహిస్తా.

"ఏం మాటలండీ అవి?" హైమావతి గొంతు ఎగిసింది. మెడలో పసుపుతాడు బయటికి లాగి చూపించింది. "నా పుస్తెలు నా మెళ్లో ఉండయ్! శుభమా అని మొగుడు ఎదురుగా కూర్చుంటే నేను పుస్తెలు తాకట్టు పెడతానా?"

"మా అమ్మవి అవి," అన్నాడు వీరాంజనేయులు గబుక్కున. "అమ్మవి. పాతవి. ఇంట్లో ఉంటే కలిపి పెట్టా."

హైమావతి అతని వైపు తిరిగింది. "అత్తమ్మవా? అత్తమ్మా మామయ్యా ఇద్దరూ రొంపిచెర్లలో నిక్షేపంగా ఉండారు! మొన్న ఆదివారం చూసొచ్చాంగా. ఆమె మెళ్లోవి ఆమె మెళ్లోనే ఉండయ్!"

"నువ్వు ఊరుకోవే!"

"ఎందుకు ఊరుకోవాల? నా గొలుసు రెండేళ్ల కింద అమ్మేస్తివి. మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పడిపోయి, మిర్చీ పోయె, గొలుసూ పోయె. సంతకం పెట్టమంటే పెట్టా. నా పేరు మీద ఏం పెట్టావు నువ్వు? ఎవరి పుస్తెలు తెచ్చి నా పేరున పెట్టావయ్యా?"

వీరాంజనేయులు విబూది మీదుగా చెమట కారింది. ఆనంద్ బాబు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"మిషన్‌కి కావలసింది తూకం, స్వచ్ఛత. రెండూ సరిపోయాయి. అందుకే పాసయింది," అంది షాహిస్తా. "ఈయనకి పుస్తెలు తీసేయాలని తెలియక కాదు. తీస్తే అర సవర తగ్గుతుంది. తగ్గితే కంప్యూటర్ పట్టేస్తుంది. కంప్యూటర్‌కి భయపడ్డాడు. ఆడవాళ్ల మెడలు చూసే ఆడిటర్ ఉండడులే అనుకున్నాడు."

"కట్టుకథ!" వీరాంజనేయులు గొంతు పెంచాడు. "నా భార్యవి కాకపోతే కాకపోనీ. మరియమ్మవని ఎవరు చెప్పారు? గొలుసు ఒక్కటే పెట్టానని ఆమే చెప్పింది, మీ ముందే చెప్పింది! ఆమె పుస్తెలు ఇంట్లో పెట్టెలో ఉన్నయని ఆమె మొగుడే చెప్పె!"

అదీ అతని చేతిలో ఉన్న ఆఖరి ముక్క. గట్టి ముక్కే. షాహిస్తాకు పొద్దుటి నుంచి నిలవనివ్వని సంగతి కూడా అదే. మూడున్నర సవర్లు గొలుసు. అర సవర పుస్తెలు. కలిపితే నాలుగు. లెక్క ఆమె దగ్గర ఉంది. కానీ లెక్క సాక్ష్యం చెప్పదు. సాక్ష్యం చెప్పవలసిన మనిషి గోడ పక్కన తలవంచుకుని ఉంది.

షాహిస్తా లేచి ఆమె దగ్గరికి వెళ్లింది. గొంతు తగ్గించింది.

"అక్కా, నీ పేరు నిలబెట్టడం నా చేతిలో లేదు. నీ చేతిలో ఉంది. ఇది అడగకుండా పోదామనే చూశా. కుదరలేదు."

మరియమ్మ తల అడ్డంగా ఊపింది.

"నీ ఒక్కదాని సంగతి కాదు. గ్రూపులో ఆడవాళ్లందరికీ అప్పు ఆగిపోతుంది."

"మా పుస్తెలు ఇంట్లోనే ఉన్నయ్ మేడం," అన్నాడు యేసుపాదం గట్టిగా. "ఎవరియ్యో మాకొద్దు. మేము దొంగలం కాదు."

మరియమ్మ మొగుడి వైపు చూసింది. ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయింది.

"లేవయ్యా," అంది.

"ఏంది?"

"ఇంట్లో లేవు. పెట్టె ఖాళీ. నేనే పెట్టా."

యేసుపాదం ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"నీ ఆపరేషన్ అప్పుడు. కడుపులో పేగు మెలిపడిందన్నారు. డబ్బు కడితేనే లోపలికి తీసుకుంటామన్నారు. ఈడికొస్తే గొలుసు మీద ఇచ్చేది చాలదన్నారు. ఇంకో అర సవర ఉంటే సరిపోద్దన్నారు." ఆమె భర్త వైపు తిరిగింది. "నువ్వు స్ట్రెచర్ మీద ఉండావు. ఎవర్ని అడగాల? ఒట్టు తప్పినా. మందిరం వాళ్లు చందా వేశారని నీకు అబద్ధం చెప్పినా. దేవుడి దగ్గర క్షమాపణ అడిగినా. నిన్ను అడగటానికే నోరు రాలా."

హైమావతి ముక్కు చీదింది. నాగబ్రహ్మం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అందులోంచి ఆయనకు ఎట్లాగూ ఏమీ కనపడదు.

యేసుపాదం మెల్లగా బల్ల దగ్గరికి నడిచాడు. వంగాడు. ముట్టుకోవచ్చా అన్నట్టు షాహిస్తా వైపు చూశాడు. ఆమె తలూపింది. ఒక పుస్తె తిప్పి, గోటితో అంచు తడిమాడు.

"ఈడ నొక్కు ఉంది చూడండి మేడం. మా అయ్య పని. కంసాలి మోసం చేశాడేమోనని పెళ్లి పందిట్లోనే పంటితో కొరికాడు. పెళ్లికొచ్చినోళ్లంతా నవ్వారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది." అతని వేలు ఆ నొక్కు మీద ఆగిపోయింది. "రాసుకోండి. ఇవి నా భార్యయ్యి."

కృపాదానం రాసుకున్నాడు. వీరాంజనేయులు కుర్చీలో వాలిపోయాడు. అతనికి మర్యాద మాటలు అయిపోయినట్టున్నాయి. అతన్ని జీపు ఎక్కించడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఆనంద్ బాబు తాను టైప్ చేసిన 'బారోయర్ ఫ్రాడ్' అన్న మాటను ఒక్కొక్క అక్షరమే చెరిపేసి, అప్‌లోడ్ ఆగిపోయిందని పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతల కేకలు వినిపించాయి. అతను ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇవి కోర్టుకి వెళ్తాయి," అంది షాహిస్తా యేసుపాదంతో. "కేసు తేలేదాకా మీ చేతికి రావు. ఎన్నాళ్లో చెప్పలేను."

"పర్లేదు మేడం."

అతను పుస్తెను గుడ్డ మీద పెట్టేశాడు. భార్య వైపు చూడలేదు. తలుపు గడియ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మరియమ్మ గోడకు చేరగిలబడింది. "పోయాడు మేడం," అంది. "ఇక రాడు. నేను చెప్పలా? నా పేరు ఎటు పోతే నాకేంది, ఈ మాట అడగొద్దని చెప్పలా?"

షాహిస్తా దొంగను పట్టుకుంది. ఒక ఆడమనిషి పేరు కాపాడింది. మరి ఇంత వెలితిగా ఎందుకుంది? విసురుగా తలుపు దాకా వెళ్లింది.

బయట పందిరి కింద క్యూ చెదరలేదు. పొద్దుట నవ్వినవాళ్లంతా అక్కడే ఉన్నారు. యేసుపాదం తన ఆటో వైపు వెళ్లలేదు. ఆ జనం మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. గుండీలు తప్పుగా పెట్టిన చొక్కా, ఊపిరికి ఎగసిపడుతున్న ఛాతీ.

"వినండి!" అని అరిచాడు. "అందరూ వినండి! మా ఆవిడ పెట్టింది అసలు బంగారం. ఒక్క గొలుసే కాదు, పుస్తెలు కూడా పెట్టింది. మొగుడు బతికుండగానే పెట్టింది. నేను బతకటానికే పెట్టింది! ఇంకెవరన్నా గిల్టు అన్నారంటే నాతో అనండి!"